అప్పకు ప్రార్థన రాని రోజులు

నాకు తొమ్మిదేళ్లప్పుడు పాస్టరైన మా నాన్నకి డుంబ్రిగుడ పైన ఒక చిన్న కొండ ఊరి సంఘాన్ని అప్పగించారు. సాలూరు దగ్గర పల్లంలో పుట్టి పెరిగిన మాకు ఆ చలి కొత్త. వెళ్లిన మర్నాడు పొద్దున్న మా అమ్మ పొయ్యి రాజెయ్యలేక, పొగలో కళ్లు తుడుచుకుంటూ కూర్చుంటే, ఒకావిడ గుమ్మంలోంచి వంగి లోపలికొచ్చింది. ఏమీ అడక్కుండా పొయ్యిలోని తడికట్టెలు లాగి పక్కన పెట్టి, తాను తెచ్చిన ఎండుపుల్లలతో మంట చేసి వెళ్లిపోయింది. ఊరంతా ఆమెను అక్క అనే అర్థంలో అప్ప అనేవారు. మేమూ అప్ప అన్నాం.

ఆ ఊళ్లో మొదట బాప్తిస్మం తీసుకున్న మనిషి ఆమె. భర్త పోయాడు, ఒక్కడే కొడుకు. చదువు రాదు. శనివారం సాయంత్రం మా రేకుల చర్చి నేల ఆమే అలికేది. ఆదివారం నాన్న ప్రసంగం గంటకు తక్కువ ఉండేది కాదు. నాన్నది మంచి గొంతు, కానీ భాష పుస్తకంలోది. కొండమీది ఆడవాళ్లు తలలు దించుకుని, పిల్లల్ని జోకొడుతూ వినేవారు. కూడిక అయ్యాక మెట్ల మీద అప్ప చుట్టూ చేరేవారు. అయ్యగారు చెప్పిందేమిటో అప్ప వాళ్ల భాషలో, చేతులు తిప్పుతూ చెప్పేది. ఒకసారి నాన్న కిటికీ వెనక నిలబడి అదంతా విన్నాడు. ఇంటికొచ్చి అమ్మతో, "నేను గంటసేపు చెప్పింది ఆవిడ పది మాటల్లో చెప్పేసింది. అందులో నేను చెప్పనిది కూడా ఒకటుంది. అదే బాగుంది," అన్నాడు.

నాకు అప్ప ప్రసంగం కంటే ఆమె ప్రార్థన అంటే ఇష్టం. బడి లేని రోజుల్లో ఆమె వెంట కాఫీ తోటలోకి వెళ్లేదాన్ని. ఆమె పళ్లు కోస్తూ మాట్లాడుతూ ఉండేది. మొదట్లో నాతోననుకునేదాన్ని. "ఇదిగో, ఈ సెట్టు ఈ ఏడు బాగా కాసింది, సూసావా?" అనేది. "చూశాను అప్పా," అనేదాన్ని. "నీతో కాదే గుంటా," అని నవ్వేది. అక్కడ ఆడపిల్లని గుంట అంటారు. ఎవరితోనో కలిసి నడుస్తున్నట్టు, ఆ మనిషికి అన్నీ తెలిసినా మళ్లీ చెప్పాలన్నట్టు ఉండేది ఆ మాట. నేను ఇంట్లో దుప్పట్లో దూరి అలాగే మాట్లాడాలని చూసేదాన్ని. నా ప్రార్థన ఎప్పుడూ నాన్న ప్రసంగంలాగే వచ్చేది.

నాకు పన్నెండేళ్లు వచ్చిన ఏడాది వానాకాలంలో ఆ సంగతి జరిగింది.

మా ఊరికి పై ఊళ్లో ఒక ఇంటి కోడలికి నొప్పులు మొదలై రెండు రోజులైంది. అది అప్పతో మాట్లాడని ఇల్లు. ఊరి దేవత పండక్కి అప్ప రావడం మానేసిందని ఆ ఇంటి పెద్దావిడకు కోపం. అయినా తెల్లారుతూనే కబురు విని అప్ప వెళ్లింది. కాసేపటికి వాళ్లు ఆ అమ్మాయిని డోలీలో, అంటే వెదురు బొంగుకి కట్టిన దుప్పట్లో, మోసుకుంటూ మా ఇంటి ముందు నుంచే దిగారు. అమ్మ ఒక పాత చీరా, ఒక గొడుగూ నా చేతికిచ్చి, "రోడ్డు దాకా వెళ్లి అప్పకిచ్చేసి రా," అంది.

వాన ఆగడం లేదు. గెడ్డ అనే ఆ కొండవాగు పొంగి, రాళ్లు కనపడకుండా పోయింది. మోసేవాళ్లు నడుము లోతు నీళ్లలో దిగి దాటారు. అప్ప డోలీ పక్కన ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని నడుస్తూ, దారి పొడుగునా పెద్ద గొంతుతో ప్రార్థన చేసింది. తోటలో మాట్లాడే గొంతు కాదు అది. "ఇద్దర్నీ ఇయ్యి. ఒకుల్ని కాదు, ఇద్దర్నీ ఇయ్యి," అని మళ్లీ మళ్లీ అడిగింది. మోసేవాళ్లు విన్నారు. వెనక వస్తున్న అత్తగారు వింది. నేనూ విన్నాను. ఆ గొంతు విన్నాక ఆ బిడ్డకి ఏమీ కాదని నాకు నమ్మకం కుదిరింది. చీరా గొడుగూ అప్ప చేతికిచ్చి నేను గెడ్డ ఇవతలే ఆగిపోయాను. అవతల రోడ్డు మీదికి జీపు వచ్చింది. వాళ్లు ఆసుపత్రికి వెళ్లారు. నేను తడిసి ముద్దయి ఇంటికొచ్చి, "అప్ప ప్రార్థన చేసిందిగా, ఇద్దరూ బతుకుతారు," అని అమ్మకు చెప్పాను.

తల్లి బతికింది. బిడ్డ ఏడవలేదు.

ఆ ఆదివారం నాన్న ఆ తల్లి ప్రాణం దక్కినందుకు దేవునికి స్తుతులు చెప్పి, అప్పను లేచి సాక్ష్యం చెప్పమన్నాడు. అప్ప లేచింది.  "అయ్యగారూ, నా దగ్గిర మాట నేదు," అని కూర్చుంది.

మర్నాటి నుంచి ఆమె రోజూ పొద్దున్నే పై ఊరు వెళ్లడం మొదలుపెట్టింది. ఆ ఇంటికి నీళ్లు మోసేది. ఆ అమ్మాయి బట్టలు గెడ్డలో ఉతికేది. ఒకరోజు నేను గెడ్డ దగ్గరకెళ్లి ఆమె పక్కన రాయి మీద కూర్చుని అడిగాను.

"అప్పా, అంతలా అడిగావు కదా. దేవుడు ఎందుకు వినలేదు?"

"నాకు తెల్దు గుంటా," అంది. బట్ట పిండి, పక్క రాయి మీద వేసి, ఇంకోటి తీసుకుంది.

ఆమె పిండినవి నేను ఎత్తి గంపలో పెట్టాను. 

నాకు పదిహేనేళ్లు వచ్చేసరికి నాన్నకి బదిలీ అయి మళ్లీ పల్లానికి దిగిపోయాం. నేను చదువుకుని టీచర్నయ్యాను. ఇరవై ఏళ్లుగా పాచిపెంటలో ఉంటున్నాను. మా చర్చిలో సండేస్కూలు పిల్లలకి విశ్వాసం గురించి చెప్పాల్సి వచ్చినప్పుడల్లా అప్ప కథే చెప్పేదాన్ని. అడిగింది దక్కకపోయినా ఆమె నమ్మకం ఇసుమంత కూడా కదల్లేదని, తనతో మాట్లాడనివాళ్ల ఇంటికే వెళ్లి సేవ చేసిందని చెప్పేదాన్ని. పిల్లలు నోళ్లు తెరుచుకుని వినేవారు. చెప్పిన ప్రతిసారీ నాకు ఆ తోట గుర్తొచ్చేది. కాఫీ చెట్ల మధ్య ఎవరితోనో మాట్లాడుతూ నడిచే ఆ గొంతు ఒక్కసారి నాకు దక్కితే చాలనుకునేదాన్ని. కానీ ఇన్నేళ్లలో అప్పను చూడ్డానికి వెళ్లింది రెండుసార్లే.

మూడేళ్ల కిందట నా భర్త ఆరు రోజుల జ్వరంతో పోయారు. ఆయనా టీచరే. ఏడో రోజు సోమవారం స్కూలుకి వెళ్లాలని చొక్కా ఇస్త్రీ చేయించి పెట్టుకున్నారు. ఆదరణ కూడికకు చాలామంది వచ్చారు. దేవుడు మంచి పువ్వుల్నే ముందు కోసుకుంటాడని ఒకరన్నారు. ఆయన ప్రణాళికలో పొరపాటు ఉండదని ఒకరన్నారు. నా విశ్వాసాన్ని పరీక్షిస్తున్నాడని ఇంకొకరు. అందరూ ప్రేమతోనే అన్నారు. నేను తలూపాను. వాళ్లు వెళ్లాక మోకరించాను. నోరు తెరిచాను. ఏమీ రాలేదు. మర్నాడూ రాలేదు. చర్చిలో పాట పాడేదాన్ని, కానుక వేసేదాన్ని. పిల్లలకి అప్ప కథ చెప్పబోయి మధ్యలో ఆపేశాను. నాన్న అప్పటికే లేడు. అడగడానికి నాకు అప్ప తప్ప ఎవరూ కనిపించలేదు.

డిసెంబరులో ఒక శనివారం బయల్దేరాను. విజయనగరం వెళ్లి, ఎస్.కోట మీదుగా ఘాట్ ఎక్కే బస్సు పట్టుకున్నాను. పసుపుపచ్చగా పూసిన వలిసె చేల దగ్గర టూరిస్టులు కార్లు ఆపుకుని ఫోటోలు తీసుకుంటున్నారు. డుంబ్రిగుడలో షేర్ ఆటో ఎక్కి, ఆటో ఆగిపోయిన చోటి నుంచి నడిచాను. ఇప్పుడు గెడ్డ మీద చిన్న వంతెన ఉంది.

అప్ప అరుగు మీద ఎండలో కూర్చుని చేటలో చోళ్లు, అంటే రాగులు, చెరుగుతోంది. బాగా కుంచించుకుపోయింది. నా ముఖంలోకి కాసేపు చూసింది.

"ఒచ్చావా గుంటా. కబురు తెలిసింది. తిన్నావా?"

నలభై ఏళ్లు దాటిన నన్ను గుంటా అనే మనిషి ఇంకొకరు లేరు. నాకు ఏడుపొచ్చింది. ఆమె ఏడవొద్దనలేదు. కోడల్ని పిలిచి అంబలి తెప్పించింది. నేను తాగేదాకా చూసి, చేట పక్కన పెట్టింది.

"అప్పా, నాకు ప్రార్థన రావడం లేదు," అన్నాను. "మోకాళ్ల మీద కూర్చుంటే నోరు పెగలదు. ఆ బిడ్డ పోయినప్పుడు కూడా నీ నమ్మకం కదల్లేదు. నాకెందుకిలా అయింది?"

"కదల్నేదని నీకెవులు సెప్పారు?"

నాకు అర్థం కాలేదు. "నువ్వు రోజూ వాళ్లింటికెళ్లి నీళ్లు మోశావు కదా. బట్టలు ఉతికావు కదా."

"పార్దన రాకే ఎల్లీదాన్నే." ఆమె నవ్వలేదు. "నీలాగే, మోకాళ్లేత్తే మాట రాదు. ఇంట్లో కూకోనేను. దారంతా గొంతెత్తి అడిగీసినాను కదా, అందరూ ఇన్నారు. ఆయన ఇయ్యనేదు. ఆ పిల్ల ముకం సూడాలంటే సిగ్గు. మరేటి సెయ్యను? నీల్లు మోసినాను."

"ఎన్నాళ్లు అలా ఉన్నావు?"

"ఆ ఏడు కాపీ పళ్లు కోతకొచ్చీదాకా. ఓపాలి కోపం, ఓపాలి బయం. మీ నానగారితో సెప్పినాను."

"నాన్నతోనా? ఏమన్నాడు?"

"ఆయనా ఏడిసీసినారు. నాకూ తెల్దు అప్పా, అన్నారు. ఆదివారం నిలబడి సెప్పాలి కదా, అదాయన పని. పాపం, ఆయనకి ఎవులున్నారు సెప్పుకోడానికి?"

 నాన్న ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. ఆ ఆదివారం స్తుతులు చెప్పిన గొంతు వెనక అది ఉందని నాకు తెలియదు. అప్ప గురించి ఇరవై ఏళ్లు పిల్లలకు చెప్పిన కథ కూడా సగమే నిజం. అయినా అరుగు మీద కూర్చున్న ఆ ముసలామె నాకు మునుపటికంటే దగ్గరగా అనిపించింది.

"మళ్లీ ఎలా వచ్చింది అప్పా?"

"నాకేటి తెల్సు? ఓ పొద్దున తోటలో ఉన్నాను. సూత్తే మాటాడతన్నాను. ఎప్పుడు మొదలెట్టినానో నాకే తెల్నేదు."

"నాకూ వస్తుందా?"

వస్తుందని అంటుందనుకున్నాను. అనాలని కోరుకున్నాను. ఆమె నా చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది.

"వత్తాదో రాదో నేను సెప్పనేను. అబద్దమాడితే నీకేటి సుకం? రెండ్రోజులుండిపో."

సోమవారం పరీక్షలున్నాయి. ఆదివారం కూడిక చూసుకుని, మెట్ల మీద ఆమె పక్కన కాసేపు కూర్చుని దిగిపోయాను. వేసవి సెలవుల్లో వచ్చి పది రోజులుంటానని మాటిచ్చాను. ఏప్రిల్‌లో ఎన్నికల డ్యూటీ పడింది. మేలో కూతురి కాలేజీ సీటు పని. ఆ ఊళ్లో సిగ్నలు ఉండదు. ఫోన్ చేసి మాట్లాడడం కూడా కుదరలేదు.

జులైలో అప్ప కోడలు సిగ్నలు దొరికే కొండ మలుపు దాకా దిగి ఫోన్ చేసింది. "అక్కా, మా అత్త పోయింది. మూడ్రోజులైంది. వానలకి బేగి కబురెట్టనేకపోయాం."

నేను వెళ్లేసరికి సమాధి మట్టి వానకి కుంగి ఉంది. కోడలు కొత్త మట్టి తెచ్చి పోస్తోంది. తనకు సాయం చేశాను. పని అయ్యాక ఇద్దరం చేతులు కడుక్కుని చర్చి గుమ్మంలో నిలబడ్డాం. అప్పుడు చెప్పింది ఆమె.

"నువ్వెల్లిన కాడ్నించీ రోజూ పొద్దున్న నీ మాట సెప్పీది అక్కా. ఆ గుంటకి పార్దన పోయింది, అది తిరిగొచ్చీదాకా దాని వంతు నేను సేత్తన్నాను, నువ్వు కోప్పడకు, అనీది ఆయన్తో. పడక మీదున్నప్పుడూ మాన్నేదు."

ఏడు నెలలు. నేను పరీక్ష పేపర్లు దిద్దుతూ, సీటు కోసం కాలేజీల చుట్టూ తిరుగుతూ, ఖాళీ నోటితో చర్చిలో కూర్చుని లేచిన ఏడు నెలలు. పొద్దున్నే నేను పొయ్యి వెలిగించేవేళకి, ఈ కొండ మీద ఒక ముసలామె నా బదులు మాట్లాడుతూ ఉంది. నాకు తెలియనే తెలియదు. వేసవిలో ఉంటానన్న పది రోజులు వచ్చి ఉండి ఉంటే ఆ మాట నా చెవిన పడేదేమో.

ఇప్పుడు నా వంతు చేసేవాళ్లు లేరు. పాచిపెంట తిరిగొచ్చాక వచ్చిన ఆదివారం, ఆరాధన అయిపోయి అందరూ బయట పలకరించుకుంటున్నప్పుడు, నేను బెంచీలోనే ఉండిపోయాను. కళ్లు మూసుకుని నోరు తెరిచాను. నాన్న మాటలు రాలేదు. అప్ప మాటలూ రాలేదు. "నాకు అప్పని చూడాలనుంది," అన్నాను. "మా ఆయన్ని కూడా," అన్నాను.

అది ప్రార్థనో కాదో నాకు తెలియదు. సంవత్సరం దాటింది. అంతకు మించి ఇంకా ఏమీ రాలేదు. రోజూ అదే చెబుతున్నాను.