అంకమ్మరావు గారి వైద్యనిరుక్తం

కృతయుగంలో ధ్యానం వల్ల, త్రేతాయుగంలో యజ్ఞం వల్ల, ద్వాపరంలో అర్చన వల్ల లభించిన ఫలం కలియుగంలో నామోచ్చారణ మాత్రం చేతనే లభిస్తుందని పెద్దలు భగవన్నామాన్ని ఉద్దేశించి చెప్పగా, ఆ మాటను రోగనామాలకు అన్వయించుకున్న లోకం, జబ్బు తగ్గించినవాడి కంటే జబ్బు పేరు తడబడకుండా పలికినవాడికే పెద్దపీట వేస్తున్న ఈ కాలంలో, బెజవాడ భవానీపురంలో నేతచీరల దుకాణం నడుపుకొనే అంకమ్మరావు గారు తమ యాభయ్యో పడిలో ఇంగ్లీషు వైద్యపదాలకు వ్యాఖ్యాతగా అవతరించారు.

ఆ విద్యకు గురువు ఆయన కూతురు కీర్తన. నర్సింగు చదివే రోజుల్లో ఆ పిల్ల ఉదయాన్నే వరండాలో తిరుగుతూ, గ్యాస్ట్రో అంటే పొట్ట, హెపటో అంటే కాలేయం, ఐటిస్ అంటే వాపు, ఎక్టమీ అంటే కోసి తీసివేయడం అని వల్లె వేసేది. కాఫీ తాగుతూ విన్న తండ్రికి జ్ఞానోదయమైంది. ఎంత భయంకరమైన పదమైనా విడగొడితే మిగిలేది ఇంతే: మొదట అవయవం, చివర దానికి పట్టిన గతి, నడుమ రెండింటినీ అతికించే ఒక ‘ఓ’కారం. కూతురు పరీక్ష ప్యాసై, గుంటూరులో ఉద్యోగంలో చేరి, రోగుల సేవలో పడింది. తండ్రి పదాల సేవలోనే ఉండిపోయారు.

క్రమంగా దుకాణానికి చీరల కోసం వచ్చేవారి కంటే మందుచీటీలు పట్టుకొచ్చేవారు ఎక్కువయ్యారు. భార్య మల్లీశ్వరి ఒక పక్కన కూర్చుని, ఆయన విప్పి వదిలేసిన చీరలు మడతపెట్టేది. ఒకనాడు పక్కవీధి చౌడేశ్వరమ్మ కుంటుకుంటూ వచ్చింది.

“ఆర్త్రైటిస్ అన్నాడయ్యా డాక్టరు. అంటే ఏంటి?”

అంకమ్మరావు గారు కళ్ళు మూసుకున్నారు. “ఆర్త్రో అంటే కీలు. ఐటిస్ అంటే వాపు. కలిపితే కీలువాపు, పిన్నిగారూ!”

“వాచిన కీలు నాదేగా, అది నాకు తెలియకా? తగ్గే దారి చెప్పు.”

“దారి డాక్టరుగారి పనండీ. అర్థం మటుకే నాది.”

“అయితే ఆ అర్థాన్నే మోకాలికి కట్టుకుని నడుస్తాలే,” అని ఆవిడ చీర కొనకుండానే వెళ్ళిపోయింది. ఆయన మాత్రం ఒక జీవిని అజ్ఞానం నుంచి ఉద్ధరించిన తృప్తితో మిగిలారు.

ఇంతలో రోగం ఆయన ఇంటికే వచ్చింది. మల్లీశ్వరికి అన్నం తిన్నప్పుడల్లా కుడిపక్క డొక్కలో భరించలేని నొప్పి. స్కానింగు తీసిన డాక్టరు రాజ్యశ్రీ, మల్లీశ్వరి బయట బల్ల మీద కూర్చుని ఉండగా, ఆయనను లోపలికి పిలిచి చెప్పింది: పిత్తాశయం నిండా రాళ్ళున్నాయి, త్వరగా దాన్ని తీసివేయాలి, ఆలస్యమైతే ప్రాణం మీదికి రావచ్చు.

రోగం సంగతి రోగికి తప్ప తక్కిన చుట్టాలందరికీ చెప్పడం మన ఇళ్ళలో వేదోక్తం కాకపోయినా, అంతకంటే శ్రద్ధగా పాటింపబడే ఆచారం. అందులోనూ మల్లీశ్వరికి ఆపరేషను అంటే వణుకు. ఆమె అక్క ఆపరేషను గదిలోకి వెళ్ళి తిరిగి రాలేదు. అందుచేత, ఇంకో చిన్న పరీక్ష ఉందని చెప్పి భార్యను ఆపరేషను బల్ల ఎక్కించాలని ఆయన నిశ్చయించారు.

“నాన్నా, అమ్మకి చెప్పు. దాచకు,” అని ఫోనులో కీర్తన మొత్తుకుంది.

“చెబితే అసలు రాదే! నువ్వు ఊరుకో,” అన్నారాయన. గురువును ధిక్కరించడం శిష్యులకు కొత్త కాదు గదా.

మర్నాడు భార్యను వెంటబెట్టుకుని డాక్టరు గదిలో కూర్చున్నారు. తాను నేర్చిన భాష దేవభాష వలె తనకూ డాక్టరుకూ తప్ప అన్యులకు తెలియదని ఆయన నమ్మకం.

“డాక్టరుగారూ, మన కోలిసిస్టెక్టమీ... అదేనండీ, ఆ చిన్న పరీక్ష... గురువారం పెట్టుకుందామా?” అని కన్ను గీటారు.

మల్లీశ్వరి పమిట సర్దుకుంది. “కోలి అంటే పిత్తం. సిస్టు అంటే సంచి. ఎక్టమీ అంటే కోసి తీయడం. పరీక్షకి కోత ఎందుకండీ?”

“నీకు... నీకెలా తెలుసు?”

“మూడేళ్ళుగా మీ పక్కన కూర్చుని చీరలు మడతపెడుతున్నాను. చెవులు మడతపెట్టుకోలేదు.”

ఊరందరికీ వ్యాఖ్యానం వినిపించిన మహానుభావుడికి, ఇంట్లో మనిషి కూడా వింటుందన్న సంగతి అప్పుడు స్ఫురించింది.

మల్లీశ్వరి లేచి నిలబడింది. “మా అక్కనీ ఇలాగే చిన్న పరీక్షేనని తీసుకెళ్ళారు. బల్లెక్కేదాకా దానికి తెలియదు. నేను రాను. పదండి ఇంటికి.”

ఆలస్యమైతే ప్రాణానికే ముప్పున్న భార్య గుమ్మం వైపు నడుస్తోంది. ఆ క్షణాన ఆయన పాండిత్యంలోని ఏ ధాతువూ, ఏ ప్రత్యయమూ నోటికి రాలేదు.

“మల్లీ, ఆగు,” అన్నారు చివరికి. “ఆ మాటకి అర్థం తెలుసుగానీ, లోపల ఏం చేస్తారో నాకూ తెలియదు. నీకంటే నాకే ఎక్కువ భయంగా ఉంది. అందుకే దాచాను.”

ఆమె ఆగింది. “ఆ ముక్క నిన్న రాత్రే ఏడవచ్చుగా!” అని తిరిగొచ్చి కూర్చుంది. “మీరు చెప్పండమ్మా డాక్టరుగారూ. ఎక్కడ కోస్తారు, ఎప్పుడు లేస్తాను, లేవకపోయే ప్రమాదం ఎంత? ఈయన్ని మటుకు మధ్యలో మాట్లాడనివ్వకండి.”

రాజ్యశ్రీ నవ్వి, పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి చేసే ఆపరేషను గురించీ, అందులో ఉన్న ప్రమాదం గురించీ దాచకుండా చెప్పింది. మల్లీశ్వరి అడగవలసినవన్నీ అడిగి, అంగీకారపత్రం మీద తన సంతకం తానే పెట్టింది. గురువారం తన కాళ్ళతో తానే లోపలికి నడిచింది. అంకమ్మరావు గారు బయట కూర్చుని, వ్యాఖ్యానం అక్కరలేని నామాలనే జపించారు. మధ్యాహ్నానికి ఆమె కళ్ళు తెరిచి, ఎండిన పెదవులతో, “దుకాణం మూసేసి వచ్చారా?” అని కసిరింది. ఆయన కళ్ళు తుడుచుకుంటూ తల ఊపారు.

మల్లీశ్వరి పసుపుకుంకుమలతో, వేళకింత తిన్నది హాయిగా అరిగించుకుంటూ నూరేళ్ళు వర్ధిల్లుగాక. అంకమ్మరావు గారికి భయాన్ని భయమని చెప్పుకొనే ధైర్యం నిలుచుగాక. కీర్తన హస్తవాసి మంచిదగుగాక. ఆ ఇంట నిజం దాచవలసిన రోజు మళ్ళీ రాకుండా కొండమీది దుర్గమ్మ కాచుగాక.