పసుపు పట్టిన గోళ్లు

ఆర్మూర్‌లో సర్కారును తిట్టనివాడు లేడు గానీ, తిట్టి నవ్వించడంలో నా అంతటివాడు లేడని పేరు. మార్కెట్ దగ్గర మా పంట అమ్మిపెట్టే అడ్తిదారు దుకాణంలో పొద్దున్నే పేపరు నా చేతికే ఇచ్చేవారు. ఒక్కో సర్కారు ఉత్తర్వును పైకి చదివి, దానికి నా తోక ఒకటి తగిలించేవాణ్ని. పసుపు బస్తాల మీద కూర్చున్న రైతులు పొట్టచెక్కలయ్యేలా నవ్వేవారు. ఆ నవ్వుల రుచి మరిగాను నేను.

తిట్టడానికి కారణాలు లేకపోలేదు. కరోనా మొదటిసారి వచ్చిన ఏడాది, సరిగ్గా మేం పసుపు ఉడకబెట్టి ఎండబోసిన రోజుల్లో అన్నీ మూసేశారు. మబ్బు పట్టిందని టార్పాలిన్ కవర్లు తీసుకుని కల్లానికి పోతుంటే, చౌరస్తాలో పోలీసు నా పిక్కల మీద లాఠీతో కొట్టాడు. ఎక్కడికని అడగనైనా లేదు. నేను కుంటుకుంటూ చేరేసరికి వాన తన పని తాను చేసింది. కొమ్ములు నల్లబడ్డాయి. తర్వాత మా మార్కెట్ కంటే ముందు వైన్ షాపులు తెరిచారు. అప్పటినుంచి సర్కారు ఏం చెప్పినా నాకూ మా బాపుకూ చెవికెక్కలేదు.

మరుసటి వేసవిలో రోగం మళ్లీ వచ్చింది. బాపు ఆ వారమంతా పసుపుకు పాలిష్ పట్టిస్తున్నాడు. ఎండిన కొమ్ముల్ని డ్రమ్ములో తిప్పితే పొట్టు దుమ్మై లేచి, మనిషి నెత్తి నుంచి గోళ్ల దాకా పచ్చబడతాడు. సబ్బుతో ఎంత రుద్దినా రోజుల తరబడి పోదు. ఆ పచ్చదనం మాకొక ధైర్యం కూడా. లోకమంతా పసుపు నీళ్ల ఆవిరి పడుతుంటే, పసుపులోనే పుట్టి పెరిగిన మనకేమవుతుందిలే అనుకున్నాం. బాపుకు జ్వరం, దగ్గు మొదలైతే దుమ్ము ఒంటికి పడలేదన్నాం.

ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్త మా వాడకట్టు కోడలే. వేలికి పెట్టి ఆక్సిజన్ చూసే చిన్న మిషన్ తీసి బాపు చూపుడు వేలికి తగిలించింది. ఎనభై నాలుగు చూపింది. ఆమె ముఖం మారిపోయింది.

"మామా, తొంభైకి మీద ఉండాలె. జల్ది దవాఖానకు పోవాలె."

బాపుకు రోగం అంటే భయం లేదు. పేరు రాసుకుంటే మా గల్లీకి అడ్డంగా కర్రలు కడతారు, పాలిష్ పట్టిన పసుపు ఇల్లు కదలదు, పోయినేడులాగే వానపాలవుతుంది. అదీ ఆయన భయం. రెండు చేతులూ చాచి చూపించాడు.

"గోర్లు చూడు బిడ్డా. గింత పసుపు పట్టి ఉంటే నీ మిషన్‌కు లోపల ఏం కనవడ్తది?"

ఆమె తడబడింది. ఇంకో వేలికి పెట్టింది. పది వేళ్లూ అంతే పచ్చగా ఉన్నాయి. గోళ్లకు రంగుంటే మిషన్ తప్పు చూపొచ్చని తనకూ చెప్పారంది. "అయినా ఒక్కపారి తీస్కపో అన్నా," అని నావైపు చూసింది.

నేను చదువుకున్నవాణ్ని. బాపు మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకోవడం నాకు కనిపిస్తూనే ఉంది. కానీ గుమ్మం దగ్గర నలుగురు నిలబడి, వీడేమంటాడా అని చూస్తున్నారు.

"గది సర్కారు మిషన్ చెల్లే. బాపుకు కాదు, పసుపుకు పరీక్ష వెట్టింది. ఎనభై నాలుగు మార్కులంటే ఫస్ట్ క్లాసే గదా!"

అందరూ నవ్వారు. బాపు కూడా నవ్వబోయి దగ్గాడు. ఆ పిల్ల పుస్తకంలో ఏదో రాసుకుని వెళ్లిపోయింది. అమ్మ ఒక్కతే నవ్వలేదు.

మూడో రోజు మధ్యాహ్నం బాపు ఒక్క మాట కూడా పూర్తి చేయలేకపోయాడు. రెండు దవాఖానల్లో మంచాలు లేవంటే మూడోదాంట్లో చేర్చాం. అక్కడి డాక్టరు పచ్చని వేళ్లను చూసి, మిషన్‌ను చెవి తమ్మెకు పెట్టాడు. అరవై ఒకటి. ఇంతకుముందు ఎవరూ చూడలేదా అని అడిగాడు. నేను మందుల చీటీ తీసుకుని కౌంటర్ వైపు నడిచాను. తెల్లారి బాపు పోయాడు. స్నానం కూడా చేయించనివ్వలేదు. ఆ గోళ్లతోనే కాలిపోయాడు. పసుపు మాత్రం ఇంట్లో తడవకుండా భద్రంగా ఉంది.

ఇప్పటికీ నేను సర్కారు మాట నమ్మను. లాఠీ దెబ్బ నిజం, నల్లబడ్డ కొమ్ములు నిజం. కానీ ఆ అంకె బాపు ఒంట్లోంచి వచ్చింది. దాన్ని కూడా సర్కారు కిందే జమకట్టి నవ్వాను. అది నన్ను తినేస్తోంది.

రెండేళ్లు దాటాక, మనవాళ్లు పంపిన యంత్రం చంద్రుడి మీద దిగిన సాయంత్రం, పక్కింటివాళ్లు మా టీవీ ముందు చేరారు. అమ్మ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. టీవీలో చప్పట్లు మోగుతుంటే నా నోరు ఊరుకోలేదు.

"మన గల్లీ గుంతలు పూడ్వ చాతగాదు గని, చంద్రుని మీది గుంతలు చూడవోయిండ్రు. అయినా ఆడికి ఎవలు వోయి చూసొచ్చిండ్రు? మిషన్ చెప్పంగనే నమ్ముడేనా?"

అందరూ గొల్లుమన్నారు. అమ్మ చాటలోంచి తల ఎత్తలేదు.

"నమ్మకు కొడుకా. వేలికి వెట్టిన మిషన్‌నే నమ్మకపోతివి."

ఆ మాట ఆమె నోట రావడం అదే మొదలు. చేతిలో బీడీకి దారం చుట్టి, ఇంకో ఆకు తీసుకుంది. పక్కింటివాళ్లకు వినబడలేదు. వాళ్లు నా మాటకు ఇంకా నవ్వుతూనే ఉన్నారు.