గోంగూర నింద పావురాల మీద

ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, డైరీలో కూడా రాయలేదు. ఢిల్లీ జనక్‌పురిలో మా పిన్ని బాల్కనీలోని గోంగూర మొక్కను మొదలంటా కోసింది పావురాలు కాదు, నేను. గ్రేటర్ నోయిడాలో ఎమ్మెస్సీ చదివే ఆ రోజుల్లో మనుషులకన్నా బ్యాక్టీరియాతోనే నాకు హాయిగా ఉండేది (అవి తిరిగి ప్రశ్నలు వేయవు కదా). ఆకుల మీద బతికే ఒక బ్యాక్టీరియా మొక్క రసం అందితే ఎలా పెరుగుతుందో చూడమన్నారు మా గైడ్ మేడమ్. అందుకని పెంచిన టమాటా మొక్కలకు నీళ్ళు పోయడం మరిచిపోయాను. శుక్రవారానికి, మే నెల ఎండకు, అవి మాడిపోయాయి. సోమవారం ఫలితం చూపించకపోతే ప్రాజెక్టు పోయినట్టే. చెప్పే ధైర్యం లేక పిన్ని ఇంటికి పారిపోయాను.

ఆదివారం పొద్దున, పిన్ని చర్చికి తయారవుతుండగా, కుండీల్లోని మూడు గోంగూర మొక్కల్లో ఒకదాన్ని కత్తెరతో కోసి, కొమ్మను బ్యాగులో దాచాను. మిగిలిన మోడు మీద ఒక చుక్క ఊరింది. సీసాలోకి తీసుకుంటే ఇంకొకటి. పైన ఆకులు లేవని వేళ్ళకు ఇంకా తెలియదు, తోడుతూనే ఉన్నాయి. గట్టిగా ఊపిరి వదిలితే ఆగిపోతుందేమోనని భయపడుతూ గంటసేపు అక్కడే కూర్చున్నాను.

“చూడవే, పాడు పావురాలు! పాస్టరు గారింటికి పచ్చడి పెట్టిస్తానన్నాను!” అని చర్చి నుంచి వచ్చాక బాల్కనీ చూసి పిన్ని లబలబలాడింది.

“ఇంత నున్నగా కోసిందంటే పావురం కత్తెర తెచ్చుకుందేమోనే,” అన్నాడు బాబాయ్. నేను టీ కప్పులోంచి తలెత్తలేదు.

మధ్యాహ్నం నోయిడా తిరిగొచ్చి ల్యాబులో ఆ రసాన్ని వడకట్టి ఒక గొట్టంలో, ఉప్పులు కలిపిన నీళ్ళు ఇంకో గొట్టంలో పోసి, రెండింటిలోనూ బ్యాక్టీరియా వేశాను. సోమవారం చూస్తే నీళ్ళ గొట్టం తేటగానే ఉంది. రసం గొట్టం మాత్రం పాలచుక్క పడ్డట్టు తెల్లబారింది. ఆ తెలుపంతా ప్రాణమే! నీళ్ళలా కనిపించే ఆ నాలుగు చుక్కలు తాగి, ఒక్క రోజులో లెక్కకందనన్ని పుట్టాయి. పక్కన ఎవరూ లేరు గనుక “ఓరి దేవుడా” అని పైకే అన్నాను.

మేడమ్ వచ్చారు. కాగితం మీద టమాటా అని రాసేస్తే సరిపోయేది. కానీ అంత వింత మీద అబద్ధం అతికించడానికి చెయ్యి రాలేదు.

“మేడమ్, ఇది టమాటా కాదు. టమాటాలు నావల్లే ఎండిపోయాయి. ఇది గోంగూర.”

రెండేళ్ళలో ఆవిడతో నేను అంతసేపు మాట్లాడింది అదే మొదటిసారి. ఆ వణికే పిల్ల గుర్తొస్తే ఇప్పుడు నవ్వూ వస్తుంది, దగ్గరికి తీసుకోవాలనీ అనిపిస్తుంది. మేడమ్ గొట్టాన్ని కిటికీ వెలుతురులో చాలాసేపు తిప్పి తిప్పి చూశారు.

“అచ్ఛా హై, బేటా. కానీ ఒక్కసారి వస్తే నేను నమ్మను. ఇదే రకం మొక్కతో ఇంకో రెండుసార్లు చేసి చూపించు.”

పిన్ని బాల్కనీలో సరిగ్గా రెండు గోంగూర మొక్కలు మిగిలాయి.