అవ్వకు పానం మంచిగ లేదని

ఆ సంవత్సరం నేను స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర ఒక ఊరి హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పేదాన్ని. జనగామలో అద్దె ఇంట్లో ఉండి రోజూ రైలుకో బస్సుకో పోయి వచ్చేదాన్ని. నా భర్తకు భూపాలపల్లి బొగ్గు గనిలో ఉద్యోగం. అక్కడే క్వార్టర్‌లో ఉండి వారానికోసారి ఇంటికి వచ్చేవాడు. నా పుట్టినూరు బయ్యారం పక్కన చిన్న పల్లె. అమ్మను మేం అవ్వ అంటాం. అక్కడ మా అవ్వ, తమ్ముడు, మరదలు ఎకరంన్నర పొలం చేసుకుని బతికేవాళ్ళు. అప్పటికి బయ్యారం వైపు తప్ప మిగతావన్నీ ఒకే వరంగల్ జిల్లాలో ఉండేవి.

మా చెల్లె నర్సు. చదివించిన మిషన్ దవాఖాన వాళ్ళే ఇటలీ పంపించారు. జెనోవా అనే రేవుపట్నంలో ముసలివాళ్ళ ఆశ్రమంలో పనిచేసేది. ఆ ఎండాకాలం ఫోన్ చేసి, దసరా సెలవులకు రమ్మని, టికెట్టు తనే తీస్తానని చెప్పింది. తనకు దొరికేది నాలుగు రోజుల సెలవు. ఆ నాలుగు రోజుల్లో సముద్రం ఒడ్డున కొండకు అతుక్కుని ఉన్న ఐదు చిన్న ఊళ్ళు చూపిస్తానంది. ఊరికీ ఊరికీ మధ్య రైలు సొరంగాల్లోంచి పోతుందట. బయటికి వచ్చిన ప్రతిసారీ కిటికీ నిండా నీళ్ళేనట. ఇళ్ళకు పసుపు, గులాబీ, నారింజ రంగులు వేసి ఉంటాయట. వీధులన్నీ మెట్లే కాబట్టి కార్లు తిరగవట.

పదకొండేళ్ళుగా నేను పిల్లలకు మధ్యధరా శీతోష్ణస్థితి చెప్తున్నాను. వేసవి పొడిగా ఉంటుంది, చలికాలం వాన పడుతుంది, ద్రాక్ష, ఆలివ్, నిమ్మ పండుతాయి అని బోర్డు మీద రాసేదాన్ని. నేను మాత్రం ఏ సముద్రాన్నీ చూసింది లేదు. విశాఖపట్నం కూడా పోలేదు.

ఒక రెండువందల పేజీల నోట్‌బుక్ కొన్నాను. పైన పాఠ్యప్రణాళిక అని రాశాను. లోపల ఆ నాలుగు రోజులు రాసుకున్నాను. మొదటి రోజు మొంతెరోస్సో, ఇసుక ఉన్న ఊరు అదొక్కటే. రెండో రోజు అక్కడి నుంచి వెర్నాజ్జాకు కొండ అంచున కాలిబాట, రెండు గంటల నడక. మూడో రోజు పడవ. ఏ రైలు ఎన్ని గంటలకు, మధ్యాహ్నం ఎక్కడ తినాలి, సాయంత్రం ఏ గట్టు మీద కూర్చోవాలి, అన్నీ చెల్లెను అడిగి రాసేదాన్ని. జనగామలో నెట్ సెంటర్‌కు పోయి బొమ్మలు ప్రింట్ తీయించి అంటించాను. నడకకు కాన్వాస్ బూట్లు కొని, అలవాటు కావాలని ఇంట్లో వేసుకుని తిరిగేదాన్ని. చీర మీద బూట్లతో అద్దంలో నన్ను చూసుకుని నవ్వుకున్న రోజులున్నాయి.

పాస్‌పోర్ట్ వచ్చింది. హైదరాబాద్ వీసా ఆఫీసులో తేదీ దొరికింది. ఈలోగా సమ్మె మొదలైంది.

తెలంగాణ రాష్ట్రం కోసం చేసిన ఆ సమ్మె గురించి మా వైపు వాళ్ళకు చెప్పాల్సిన పని లేదు. బడులు, ఆఫీసులు, గనులు, బస్సులు, అన్నీ ఆగిపోయాయి. నా భర్త భూపాలపల్లిలో గని ముందు టెంటులోనే ఉండిపోయాడు. మా మండలం టీచర్లం ఘన్‌పూర్ బస్‌స్టాండ్ ఎదురుగా టెంటు వేసుకున్నాం. రోజుకు పదిమంది పొద్దున కూర్చుని సాయంత్రం దాకా ఏమీ తినకుండా దీక్ష చేయాలి. ఎవరు ఏ రోజు కూర్చోవాలో ముందే ఒక రిజిస్టర్‌లో పేర్లు రాసిపెట్టారు. నేనూ మైకులో మాట్లాడాను. మన నీళ్ళు, మన కొలువులు, మన మాట అని గట్టిగానే చెప్పాను. అవి పైపైన అన్న మాటలు కావు. నేను నమ్మినవే.

నా పేరు గురువారం జాబితాలో ఉంది. వీసా ఆఫీసు వాళ్ళు ఇచ్చిన తేదీ కూడా ఆ గురువారమే.

భర్తకు ఫోన్ చేశాను. వెనకాల టెంటులో పాట వినిపిస్తోంది. గురువారం సంగతి చెప్పాను. అంతా విని అన్నాడు, "నేను వద్దంటలేను. పోతే పో. కాని వాళ్ళకు చెప్పి పో. అబద్ధం చెప్పి పోకు."

చెప్పడానికే టెంటుకు పోయాను. అక్కడ మా స్కూల్ హిందీ టీచరు ఉంది. నాకంటే పన్నెండేళ్ళు పెద్ద, అందరం అక్కా అనేవాళ్ళం. బీపీ మాత్రలు వేసుకుంటూ కూడా ముందటి రోజే తన వంతు దీక్ష చేసింది. ఇంకో నలుగురు టీచర్లు చుట్టూ కూర్చుని, జీతాలు లేక ఇల్లు ఎట్ల గడుస్తుందో చెప్పుకుంటున్నారు. ఒకామె పిల్లవాడి ఫీజు కట్టలేదని నవ్వుతూ అంది. వాళ్ళ మధ్య నిలబడి, ఇటలీకి పోవడానికి వీసా కోసం దీక్ష మానుకుంటున్నానని చెప్పాలి. నోరు రాలేదు. మా అవ్వకు పానం మంచిగ లేదని, నాలుగు రోజులు బయ్యారం పోవాలని చెప్పాను. అనుకుని చెప్పింది కాదు, దానంతటదే వచ్చేసింది.

అక్క నా చేయి పట్టుకుంది. "అవ్వ కంటె దీక్ష ఎక్కువనా? నువ్వు పో. నీ బదులు గురువారం నేను కూసుంట."

అప్పుడైనా వద్దనొచ్చు. అనలేదు.

గురువారం పొద్దున ముఖానికి స్కార్ఫ్ చుట్టుకుని జనగామలో రైలెక్కాను. ఆ రోజు రైళ్ళు నడిచాయి. పెట్టెలో కాలేజీ పిల్లలు నినాదాలు ఇస్తుంటే అందరితోపాటు నేనూ చేయెత్తి జై తెలంగాణ అన్నాను. సికింద్రాబాద్‌లో దిగి ఆటో ఎక్కేముందు, పైటకు గుచ్చుకున్న సమ్మె బ్యాడ్జీ తీసి పర్సులో వేసుకున్నాను. ఎందుకు తీశానో నాకు తెలుసు.

వీసా ఆఫీసులో చల్లగా ఉంది. కౌంటర్ దగ్గరి అమ్మాయి కోస్తా వైపు తెలుగు మాట్లాడుతోంది. నేనూ వెంటనే అలాగే మొదలుపెట్టాను. అండీ అన్నాను, వచ్చానండీ అన్నాను, తెచ్చానండీ అన్నాను. మూడు రోజుల కిందట మైకులో మన మాట అన్నది ఈ నోటితోనే. ఏ ఊరండీ అని అడిగితే హైదరాబాదే అన్నాను.

ఆ అమ్మాయి కాగితాలన్నీ ఓపిగ్గా తిరగేసింది. ప్రభుత్వ ఉద్యోగి కాబట్టి శాఖ నుంచి అభ్యంతరం లేదనే పత్రం కావాలంది. హెడ్మాస్టర్ ఇచ్చిన సర్వీసు సర్టిఫికెట్ చూపించాను. అది సరిపోదని, జిల్లా ఆఫీసు నుంచే తేవాలని, వారం లోపల తెస్తే తీసుకుంటామని చెప్పింది. జిల్లా ఆఫీసుకు తాళం వేసి ఉంది. సంతకం పెట్టాల్సిన గుమాస్తా వరంగల్‌లో ఏదో టెంటులో కూర్చుని ఉంటాడు.

నేను ఆ ప్రయాణం మానుకున్నానని ఎవరైనా అనుకుంటే అది నిజం కాదు. ఆ కాగితం దొరికి ఉంటే పోయేదాన్నే.

నాలుగు రోజులని చెప్పాను కాబట్టి మరునాడు టెంటుకు పోలేను. జనగామ ఇంట్లోనే తలుపు గడియ పెట్టుకుని, కిటికీలు మూసుకుని ఉన్నాను. కూరగాయలకు కూడా బయటికి పోలేదు. ఇంటి ముందు ఎవరు నడిచినా వెనక గదిలోకి పోయేదాన్ని. అక్క రెండుసార్లు ఫోన్ చేసింది. అవ్వకు ఎట్లుందని అడిగితే, జ్వరం కొంచెం దిగింది, మోకాళ్ళ నొప్పులు ఉన్నాయి అన్నాను. జ్వరం ఎంత ఉందో కూడా చెప్పాను.

శనివారం సాయంత్రం తమ్ముడి నంబరు నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడింది అవ్వ.

"ఎక్కడున్నవ్ బిడ్డా?"

జనగామలో అని చెప్పాను.

"మంచిగనే ఉన్నవా?"

ఉన్నానన్నాను.

"మీ హిందీ టీచరమ్మ వచ్చి పోయింది. నాకు పానం మంచిగ లేదని నువ్వు చెప్పినవట."

జరిగిందంతా అవ్వ మెల్లగా చెప్పింది. అక్క ఘన్‌పూర్‌లో పాసింజర్ రైలెక్కి మానుకోటలో, అంటే మహబూబాబాద్‌లో దిగి, అక్కడి నుంచి ఆటోలు మారి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. చేతిలో బత్తాయిలు, బ్రెడ్డు. ఆ సమయానికి అవ్వ పొలంలో కలుపు తీస్తోంది. మా మరదలు అక్కను అరుగు మీద కూర్చోబెట్టి, నీళ్ళు ఇచ్చి, వెనక నుంచి పొలానికి పరుగెత్తింది. నీకు జ్వరమట, చూడనీకి టీచరమ్మ వచ్చిందని చెప్పింది. నేనేదో చెప్పి ఉంటానని అవ్వకు ఒక్క నిమిషంలో అర్థమైంది. దొడ్డి తలుపులోంచి లోపలికి వచ్చి, మంచం మీద పడుకుని, మెడదాకా దుప్పటి కప్పుకుంది. నేనెక్కడని అక్క అడిగితే, మందులకు మానుకోట పోయిందని చెప్పింది.

"గంటసేపు పండుకున్న. గామె నా కాళ్ళొత్తింది బిడ్డా. వద్దంటె ఇనలే."

ఎందుకు అబద్ధమాడావని అవ్వ అడగలేదు. తిట్టలేదు. మా అవ్వ చర్చికి పోయే మనిషి. నాకు తెలిసి అబద్ధం ఆడి ఎరగదు. బేరం దగ్గర కూడా ఉన్నమాటే చెప్పేది. తర్వాత వచ్చిన ఆదివారం పాస్టరు గారు రొట్టె, ద్రాక్షరసం ఇస్తుంటే అవ్వ బల్ల దగ్గరికి పోకుండా వెనకే కూర్చుండిపోయిందట. మరదలు ఎందుకని అడిగితే ఈ నెల వద్దులే అందట. తప్పు మనసులో పెట్టుకుని ఆ రొట్టె ముట్టకూడదంటారు. ఆ సంగతి మరదలు నాకు చాలా రోజులకు చెప్పింది. మా అవ్వ నా అబద్ధాన్ని తన లెక్కలో వేసుకుంది.

చెల్లెకు ఫోన్ చేసి వీసా రాలేదని చెప్పాను. పాపం, నాలుగు రోజుల సెలవు మళ్ళీ ఆశ్రమానికే ఇచ్చేసింది. సోమవారం టెంటుకు పోయాను. అందరూ అవ్వ గురించి అడిగారు. ఫర్వాలేదని చెప్పాను. అక్క నన్ను చూసి ఎప్పటిలాగే పక్కన చోటు చేసింది. బయ్యారం పోయి వచ్చిన మాట నేనూ ఎత్తలేదు, తనూ ఎత్తలేదు. నా వంతు రెండోసారి రాకముందే సమ్మె ముగిసింది.

పోయిన పనిదినాలకు బదులు ఆదివారాలు కూడా బడి నడిపించాల్సి వచ్చింది. అలాంటి ఒక ఆదివారం స్టాఫ్ రూంలో నేనూ అక్కా ఇద్దరమే అన్నం తింటున్నాం. ఇక లోపల పెట్టుకోలేక మొత్తం చెప్పేశాను. చెల్లె, ఐదు ఊళ్ళు, నోట్‌బుక్, వీసా, కిటికీలు మూసుకున్న మూడు రోజులు. చెప్తున్నంతసేపూ నా డబ్బాలోకే చూస్తున్నాను.

అక్క ముద్ద కలుపుతూనే ఉంది. "నాకు గా రోజే తెలిసింది," అంది. "కాళ్ళొత్తుతుంటె చేతికి బురద తగిలింది. ఇంకా ఆరలే. మడిలకెళ్ళి ఉరికొచ్చిందని అర్థమైంది."

మరి ఎందుకు అడగలేదన్నాను.

"అడిగితే అవ్వ పరేషాన్ అయితది గదా. అందుకే ఒత్తుకుంటనే కూసున్న." ఇంకో ముద్ద తిని, అంతే మామూలుగా మళ్ళీ అంది, "నాకు చెప్పి పోతివంటె నేనే పొమ్మందును. నీ బదులు ఎట్లయినా నేనే కూసుంటి."

తిట్టి ఉంటే ఏడ్చేదాన్నేమో. ఆ మాటకు ఏడుపు కూడా రాలేదు. డబ్బా మూత పెట్టేశాను.

డబ్బా కడుక్కుని వచ్చాక అక్క, ఆ ఊళ్ళు ఎట్లుంటాయో జర చూపియ్యమంది. నోట్‌బుక్‌లో బొమ్మలు అంటించానని ఇప్పుడే కదా చెప్పావంది. చింపేశానన్నాను. నోట్‌బుక్ నా సంచిలోనే ఉంది. తప్పు ఒప్పుకున్న పది నిమిషాలకు మళ్ళీ అబద్ధమే ఆడాను. ఆమె కళ్ళ ముందు ఆ రంగు రంగుల ఇళ్ళు తెరవడానికి నాకు చేతులు రాలేదు.

రాష్ట్రం వచ్చింది. అక్క అప్పటికి రిటైరైంది. మండలంలో సభ పెట్టి, సమ్మెలో దీక్షకు కూర్చున్న టీచర్లందరికీ శాలువాలు కప్పారు. జాబితా ఆ పాత టెంటు రిజిస్టర్ చూసి తయారు చేశారు. ఆ గురువారం అక్క కూర్చుంది కాని రిజిస్టర్‌లో ఉన్నది నా పేరు. పక్కన అక్క ఏదో గీత గీసి సంతకం పెట్టిందట, అది నాదే అనుకున్నారు.

మైకులో నా పేరు పిలిచారు. రెండు వరుసల ముందు అక్క కూర్చుని ఉంది. అప్పటికే ఆమెకు శాలువా కప్పేశారు. వెనక్కి తిరిగి నన్ను చూసి, లేచి పో అన్నట్టు చేయి ఊపింది. మైకు దగ్గరికి పోయి నిజం చెప్పొచ్చు. ఇది నాది కాదని ఒక్క మాట అంటే చాలు. మెట్లెక్కుతూ అదే అనుకున్నాను. స్టేజీ మీద ఎవరో శాలువా విప్పారు. తల వంచి కప్పించుకున్నాను. చప్పట్లు కొట్టారు. అక్క కూడా కొట్టింది.

మరునాడు ఆ శాలువా మడతపెట్టి కవర్లో వేసుకుని అక్క ఇంటికి పోయాను. ఇది నీది అని ఆమె ముందు పెట్టాను. అక్క కవరు తెరిచి కూడా చూడలేదు.

"నాకొకటి ఇచ్చిండ్రు గదనే. రెండు ఏం జేసుకోను?" అని, చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది.

చాయ్ తాగాను. వాళ్ళ మనుమరాలి చదువు గురించి మాట్లాడుకున్నాం. వచ్చేటప్పుడు కవరు మళ్ళీ నా చేతికే ఇచ్చింది. పట్టుకుని జనగామ బస్సెక్కాను.