కామెర్లకు తెల్లటి పథ్యం

మా అన్న ప్రొద్దుటూరులో పిప్పరమెంటు బిళ్ళలు చేసేవాడు. ఇంటి వెనక రేకుల షెడ్డు, అందులో కరెంటుతో గిరగిరా తిరిగే పెద్ద గిన్నె. ఎంత చక్కెర పాకం పూసినా బిళ్ళ పాలిపోయినట్టే ఉంటుంది. తెల్లగా మెరవాలంటే డబ్బాలోంచి తెల్లరంగు పొడి తీసి కలపాలి. ఆ పొడి లేచి అన్న మీసాల మీద వాలేది. పూత కుదిరిందో లేదో చూడ్డానికి ప్రతి వాయికీ కొన్ని నోట్లో వేసుకునేవాడు.

“ఏందన్నా, ఆ సున్నం తింటాండావు?” అంటే నవ్వేవాడు.

“తెల్లగ లేకుంటే జమ్మలమడుగు షాపోళ్ళు ముట్టుకోరు మే. పులివెందుల పెండ్లిండ్లకు గూడా ఇవే పోతాండాయి.”

పోయిన ఎండాకాలం అన్న కళ్ళు పచ్చబడ్డాయి. మా వైపు లివరు చెడిందంటే జనం అడిగేది ఒక్కటే, ఎంత తాగుతాడని. నాకు ఒళ్ళు మండిపోయేది. మా అన్న బీరు సీసా ముట్టి ఎరగడు. పలకరించడానికి వచ్చి, మా ఇంటి కాఫీ తాగుతూ, గుసగుసలాడి పోయారు మహానుభావులు.

అమ్మ ఎవరినీ పట్టించుకోలేదు. కామెర్లు వస్తే మా ఇంట్లో పసుపు ముట్టకూడదు, పోపు వేయకూడదు, తెల్లటిదే తినాలి. మజ్జిగన్నం, ఇడ్లీ, చక్కెర నీళ్ళు. వీరపునాయునిపల్లె నుంచి తెప్పించిన పసరు పొద్దున్నే తాగించి, చేదు పోవడానికి మా షెడ్డులోని బిళ్ళలే తెచ్చి అన్న నోట్లో పెట్టేది.

“చక్కెరే గదా, లివరుకు బలం. ఎంత తెల్లగుండాయో చూడు” అనేది. అన్న పసిపిల్లాడిలా నోరు తెరిచేవాడు. చూడ్డానికి ముచ్చటేసేది.

కామెర్లు తగ్గలేదు. పొట్ట ఉబ్బింది. అప్పుడు పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. పరీక్షలన్నీ చూసి ఆయన అన్నను బయట కూర్చోమన్నాడు. తాగుడు సంగతి అడగలేదు, ఏం పని చేస్తాడని నన్నడిగాడు. నా ఫోన్లో ఉన్న తెల్లరంగు డబ్బా ఫొటో చూపించి, పసరు సంగతీ చెప్పాను.

“ఇది టైటానియం డయాక్సైడ్. కొంత భాగం కంటికి కనబడనంత సన్నం, నానో రేణువులంటారు. పేగు దాటి లివర్లో చేరగలవు. ఎలుకల్లో లివరు దెబ్బతినడం చూశారు. మీ అన్నకు దీనివల్లే అని చెప్పలేను, కాదనీ చెప్పలేను. ఆ పొడీ, ఆ పసరూ రెండూ ఈ రోజే ఆపండి. లివరు ఇంకొంచెం చెడితే నా చేతిలో ఏమీ ఉండదు.”

ఇంటికొచ్చి వంటింట్లో అమ్మ మీద విరుచుకుపడ్డాను. “చాలుమా, నీ పథ్యం” అని డాక్టరు మాటలన్నీ చెప్పేశాను. అమ్మ గోడకు ఆనుకుని నిదానంగా కూర్చుంది.

“ఇన్ని దినాలూ నా చేత్తో నేనే పెట్టినా గదా పాపా.”

నా కోపమంతా దిగిపోయి ఏడుపొచ్చింది.

“వానికి మాత్రం చెప్పగాకు” అంది అమ్మ.

మరుసటి పొద్దున డాక్టరిచ్చిన మందు తాగి, అన్న మొహం చిట్లించాడు. కళ్ళు మూసుకుని ఎప్పటిలాగే నోరు తెరిచాడు. అమ్మ రెండు చేతులూ కొంగు కింద దాచుకుంది.

“పెట్టుమా, చేదుగుంది” అన్నాడు అన్న.