మా అమ్మ నన్ను మిరపకోతకు తీసుకెళ్లిన రోజు

నా చిన్నప్పుడు మిరపకోతల కాలం వచ్చిందంటే మా అమ్మ నన్ను ముట్టుకునేది కాదు. పొద్దంతా పండుకాయ కోసిన చేతులకు ఘాటు పట్టేసి, ఎంత కడిగినా ఒక పట్టాన వదిలేది కాదు. ఆ చేత్తో పిల్ల మొహం తడిమిందంటే ఇంకేముంది, ఊరంతా వినబడేలా ఏడుపే. అందుకని ఆ రోజుల్లో నా జడ కూడా పక్కింటి అక్కే వేసేది. అమ్మ నన్ను ముంజేతులతో దగ్గరికి లాక్కుని, అరచేతులు రెండూ ఎడంగా పెట్టుకునేది. మా పేటలో కోతకు వెళ్లే తల్లులందరిదీ అదే అలవాటు.

మాది చిలకలూరిపేట దగ్గర పల్లె. మా నాన్న నాకు ఊహ తెలియకముందే పోయాడు. మా చర్చి బడిలో పాఠాలు చెప్పే పంతులమ్మ గారు పూనుకుని నన్ను ఒంగోల్లో ఆడపిల్లల హాస్టల్లో చేర్పించారు. అప్పుడు నేను ఏడో తరగతి. చదువు బాగానే వచ్చేది, అబద్ధమెందుకు. కానీ అమ్మ లేకుండా అన్నం దిగేది కాదు. క్రిస్మస్ సెలవులకు ఇంటికి వచ్చినదాన్ని, ఇక హాస్టలుకు పోనంటే పోనని మొండికేశాను.

నాది మామూలు మొండితనం కాదు. పంతులమ్మ గారు వచ్చి ఎంత నచ్చజెప్పినా ఇంటి గుంజ పట్టుకుని వదల్లేదు. ఆ ఏడు అమ్మ బాగా చిక్కిపోయింది. నాలుగడుగులు వేస్తే చాలు, ఆయాసం వచ్చి కూలబడేది. నేనూ కూలికి పోతే అమ్మకు సాయంగా ఉంటుంది, అమ్మ నా కళ్లెదురుగా ఉంటుంది, ఇంకేం కావాలి అని నా ఆలోచన. పిల్లల ఆలోచనలు అంతే. ఇవాళ్టి దగ్గరే ఆగిపోతాయి.

అమ్మ తిట్టలేదు, కొట్టలేదు. "సరేలేవే, నీ ఇష్టం. రేపు నాతో కోతకి రా" అంది. నక్కతోక తొక్కినంత సంబరపడ్డాను.

తెల్లవారుజామున మంచులో బయలుదేరాం. చేను ఎర్రగా విరగకాసి ఉంది. అమ్మ తన పాత చీర చింపి నా నడుముకు ఒడి కట్టింది, కోసిన కాయ వేసుకోవడానికి. తోటి ఆడవాళ్లు ఊరుకుంటారా? "ఏమ్మోయ్ కలెక్టరమ్మా, ఒంగోలు కూడు వంటబట్టలేదా?" అని ఒకటే ఆటపట్టించారు. నాకు కోపం కూడా రాలేదు. అమ్మ పక్క సాలే నాది. తలెత్తితే అమ్మ కనిపిస్తోంది. నా జన్మకు అది చాలనిపించింది.

ఎండెక్కేసరికి వేళ్లు చిరచిరలాడడం మొదలైంది. కొత్తగా కోతకు వచ్చినవాళ్లు చేసే తప్పే నేనూ చేశాను. గట్టు మీది బిందె వంచుకుని చేతులు కడుక్కున్నాను. ముందు ఏదైనా నూనె రాసి ఆ ఘాటును తుడిచేయాలి తప్ప, వట్టి నీళ్లు తగిలితే మంట పెరుగుతుందే కానీ తగ్గదు. అది చాలదన్నట్టు, చెమట పట్టిందని ఆ తడిచేతులతోనే మొహమంతా తుడుచుకున్నాను. అమ్మ చూస్తూనే ఉంది. వద్దని ఒక్క మాట అనలేదు.

ఇక చూడండి నా అవస్థ! కళ్లు తెరవలేక సాళ్ల మధ్య పడి పొర్లాడాను. అమ్మా అమ్మా అని అరిచి అరిచి గొంతు పోయింది. ఆడవాళ్లంతా పరుగెత్తుకొచ్చారు. "నీది గుండెకాయా, బండరాయా? పిల్లదానికి ముందే చెప్పొద్దా?" అని అమ్మ మీద లేచారు. ఒకామె తాను తెచ్చుకున్న మజ్జిగలో గుడ్డ తడిపి నా కళ్ల మీద ఒత్తింది. అమ్మ దూరంగానే నిలబడింది. ఒక్కరోజు ఆ మంట ఏమిటో తెలిస్తే ఇది మళ్లీ చేను ముఖం చూడదు, తనంతట తానే బడికి పోతుంది అని ఆమె ఉపాయం.

కానీ నేను ఎవరి కూతుర్ని? సాయంత్రం ఇంటికి వస్తూ, కళ్లు వాచిపోయి దారి కూడా సరిగ్గా కనిపించకపోయినా, "రేపు కూడా వస్తానమ్మా. అలవాటైపోద్దిలే" అన్నాను.

అమ్మ కాలవగట్టు మీద అక్కడికక్కడే కూర్చుండిపోయింది. ఆయాసం వచ్చిందేమో అనుకున్నాను. దగ్గరికి వెళితే ఏడుస్తోంది. మా అమ్మ ఏడవడం నేను చూడడం అదే మొదలు.

"అలవాటైపోద్దే. నా భయం కూడా అదే" అంది.

తర్వాత ఏ దాపరికమూ లేకుండా చెప్పేసింది. "గుంటూరు డాక్టరు గారు నా గుండె పాడైపోయిందన్నారు. నేను ఇంకెన్నాళ్లో ఉండనే. నువ్వు నా పక్కనుంటే బాగుండునని నీకంటే నాకే ఎక్కువుంది. ఉంచుకున్నాననుకో, నేను పోయాక నువ్వు ఈ చేలోనే మిగిలిపోతావు. అప్పుడు నిన్ను బడికి పంపేవాళ్లెవరు? నా మాటిను తల్లీ, పో."

నా మొండితనమంతా ఆ గట్టు మీదే చచ్చిపోయింది. హాస్టలు తెరిచే రోజున అమ్మ ఆగి ఆగి నడుస్తూ నాతో చిలకలూరిపేట బస్టాండు దాకా వచ్చింది. బస్సు కదిలేదాకా నేనూ ఏడవలేదు, తనూ ఏడవలేదు. తర్వాత తను ఏడ్చిందో లేదో నాకు తెలియదు.

పెద్దపరీక్షలకు ముందు, ఆ మార్చి నెలలోనే అమ్మ పోయింది. పంతులమ్మ గారే వచ్చి నన్ను తీసుకెళ్లారు. నేను వెళ్లేసరికి పెట్టెలో పడుకోబెట్టేశారు. జబ్బు ముదిరినప్పుడు, అమ్మాయిని పిలిపించమంటావా అని పంతులమ్మ గారు అడిగితే, "వద్దండీ, పరీక్షలయ్యాక రానీండి" అందట. ఆ మాట విన్నప్పుడు నాకు అమ్మ మీద పట్టరాని కోపం వచ్చింది. వెళ్లి పరీక్షలు రాశాను. పాసయ్యాను కూడా.

చదువుకున్నాను, ఉద్యోగం వచ్చింది. నా పిల్లలకు కూలి అంటే ఏమిటో తెలియకుండా పెంచాను. అమ్మ అనుకున్నదాంట్లో ఒక్కటీ తప్పిపోలేదు. ఆవిడ చేసింది మంచిపనే అని లోకం అంటుంది, నేనూ అంటాను. మంచిపని అని తెలిసినంత మాత్రాన ఏడుపు ఆగుతుందా ఏమిటి? జనవరి నుంచి మార్చి దాకా అమ్మ ఒక్కతే ఆ ఇంట్లో ఎలా ఉందో, ఆయాసం వచ్చినప్పుడు మంచినీళ్లు ఎవరిచ్చారో, ఇప్పటికీ తలుచుకుంటూనే ఉంటాను.

ఇప్పుడు నేను ఒక ఆడపిల్లల హాస్టలుకు వార్డెనుని. ప్రతి జూన్‌లోనూ కొంగు పట్టుకుని వదలని పిల్లలు వస్తారు. ఎంత ఏడ్చినా వాళ్లను వెనక్కి పంపను, చదువుకోవాల్సిందే అంటాను. తల్లిని మాత్రం పక్కకు పిలిచి, నీ ఒంట్లో ఎలా ఉంటోందమ్మా అని అడుగుతాను. బాగాలేదని తెలిస్తే ఆ పిల్లను ఆదివారం ఆదివారం ఇంటికి పంపేస్తాను. రూల్సు ఒప్పుకోవు. పైవాళ్లు సంజాయిషీ అడిగితే ఇచ్చుకుంటాను. పరీక్ష తప్పితే మళ్లీ ఏడాది రాసుకోవచ్చు. మళ్లీ ఏడాదికి ఆ తల్లి ఉంటుందో ఉండదో ఎవరికి తెలుసు?