మీటర్ నిండా నేనే

మొన్న దంతాలపల్లి దిక్కు నా ఇజ్జత్ ఎట్ల పోయిందో చెప్త, ఇనుండ్రి! ముందుగాల జర చాయ్ పొయ్యుండ్రి.

నేను జనగామల చిన్న ల్యాబ్‌ల చేస్తున్న గద, మీటర్ పెట్టి సప్పుడు కొలిచే పని. దంతాలపల్లి దిక్కు ఒక బడి ఉంది, గోడ పక్కకే రైస్ మిల్లు. ఆ మోతల పాఠం చెప్పీ చెప్పీ పంతులమ్మ గొంతు పోయింది. పాపం, నోరు తెరిస్తే గాలే వస్తది. ఊరోళ్లు లొల్లి చేస్తే మిల్లు సేటు అన్నడట, "మిషన్ పెట్టి కొలువుండ్రి. ఎక్కువొస్తే బడి టైంల మిల్లు బందు పెడ్త" అని. ఒక్క కొలతతోటి తెగే పంచాయితీ! మా సార్ ఫస్ట్ టైం నన్ను ఒక్కదాన్నే పంపిండు. "మీటర్ మెమరీ ఖాళీ ఉందా చూస్కో" అన్నడు. చూసిన. మస్తు ఖాళీ ఉండె.

ఆ మీటర్ల ఒక సెట్టింగ్ ఉంటది. సప్పుడు మనం పెట్టిన హద్దు దాటిందనుకో, అంకెతో పాటు ఆ సప్పుడును గూడ రికార్డ్ చేసి దాస్తది. అంకెలకు ఎక్కువ జాగ పట్టది గని, ఆడియో మెమరీని మింగేస్తది. నాకేమో ఏది ఎంత మోగుతదో చూడాలని ఒకటే ఆరాటం! హద్దును బాగ కిందికి దించిన. బస్సు హారన్ ఎంత? తొర్రూరు బస్టాండ్‌ల మిర్చి బజ్జీ నూనెల ఏస్తే ఎంత? చెవు పక్కన మేక అరిస్తే ఎంత? మేకను తక్కువ చెయ్యొద్దు, నిజంగ!

బడికి పోయిన. మిల్లు చాలు కాకముందు మామూలుగ ఎంత సప్పుడుందో కొలవాలె. పిల్లలు ఊకుంటరా? మీటర్ మూతికి నల్ల స్పాంజి టోపీ ఉంటది గద, "మేడం, గది ఐస్‌క్రీమా?" అన్నదొక పోరి. అందరు కిసకిస.

"సప్పుడు చెయ్యకుండ్రి!" అన్న.

మళ్ల గుసగుస.

"చెప్తే సమజ్ కాదా? సప్పుడు చెయ్యకుండ్రి!"

పంతులమ్మ నా దిక్కు చూసి చేతులు ఊపుతుంది. మెచ్చుకుంటుందేమో అనుకున్న!

మిల్లు చాలైంది. కిటికీలు వణుకుతున్నయ్. తెర మీద అంకెలు ఎగబాకుతుంటే నా సంబురం చూడాలె. పంతులమ్మకు చూపిస్తే ఆమె కండ్లల్ల నీళ్లు తిరిగినయ్.

తెల్లారి ఆఫీసుల సార్ మీటర్‌ను కంప్యూటర్‌కు పెట్టిండు. "గిదేంది?"

"బస్సు, సార్."

"మరి గీ సుయ్‌మనేది?"

"బజ్జీలు, సార్."

"గిది?"

"మేక."

ఆ తర్వాత అన్ని నేనే. సప్పుడు చెయ్యకుండ్రి! సప్పుడు చెయ్యకుండ్రి! ఒకదాన్ని మించి ఒకటి. ఆఫీసంత ఇంటుంది. మరి మిల్లు ఏది? లేదు! మెమరీ నిండినంక గూడ తెర మీద అంకెలు ఆడుతనే ఉంటయట, లోపల మాత్రం దాచదట. మూలకు చిన్న గుర్తు వెలుగుతదట. అంకెల మోజుల నేనెక్కడ చూసిన? కండ్లతోటి చూసింది రిపోర్ట్‌ల చెల్లది.

"మిల్లును కొలుచుకరమ్మంటే నిన్ను నువ్వే కొలుచుకొచ్చినవ్" అన్నడు సార్.

అందరు నవ్విండ్రు. నాకు మాత్రం కండ్లల్ల నీళ్లు తిరిగిన పంతులమ్మే యాదికొచ్చింది.

మెమరీ ఖాళీ చేసి, ఆడియో బందు పెట్టి, మళ్ల పోయిన. జరిగిందంత పంతులమ్మకు చెప్పిన. పిల్లలు గూడ ఇన్నరు. ఆమె సప్పుడు లేకుండ నవ్వింది. ఈసారి పిల్లలు పిన్ డ్రాప్! నేనే ఆగలేక, "శాబాష్, గిట్లనే ఉండుండ్రి" అని నడుమనడుమ చెప్పిన. మిల్లు నడిచింది. సేవ్ అయిందా అని మళ్ల మళ్ల చూసిన. అయింది! సర్కారు పెట్టిన హద్దు దాటింది. బడికొచ్చిన సేటుకు అంకె చూపిస్తే తల గోక్కొని, "సరే, రేపటి సంది బడి ఇడిసినంకనే నడిపిస్త" అన్నడు.

గెలిచినట్టే అని ఛాతీ ఇరిచి ఎనుకకు తిరిగిన. బోర్డు మీద క్లాస్ లీడర్ పోరి ముద్దుగ రాసి పెట్టింది, "మాట్లాడినవాళ్ళ పేర్లు" అని.

కింద ఒక్కటే పేరు. మీటర్ మేడం. పక్కన మూడు ఇంటూలు.